బరంపురంలో ఒడియా, హాంకాంగ్‌లో కాంటనీస్: తెలుగువారికి ఏది ఎక్కడ కష్టం?

ప్రశ్న: మాది కాకినాడ. బ్యాంకు ఉద్యోగం. వచ్చే నెల బరంపురం బ్రాంచికి బదిలీ. ఏడాది తర్వాత సెలవు పెట్టి, మా వారు పనిచేస్తున్న హాంకాంగ్ వెళ్ళాలి. అంటే ముందు ఒడియా, తర్వాత కాంటనీస్. రెండు భాషల్నీ పక్కపక్కన పెట్టిన ఒక పట్టిక చూశాను. కాంటనీస్‌కు 88 వారాలు పడుతుందని అందులో ఉంది. చూడగానే నీరుగారిపోయాను. ఒడియా హిందీలాంటిదేనని ఒకరు, కాంటనీస్‌కు వ్యాకరణమే లేదని ఇంకొకరు అంటున్నారు. రోజుకు గంట కేటాయించగలను. రెండూ ఒకేసారి మొదలుపెట్టవచ్చా? మాటల్ని తెలుగు లిపిలో రాసుకుంటే సరిపోతుందా?

సమాధానం: ముందు ఆ 88 వారాల సంగతి చూద్దాం. అది అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు శిక్షణ ఇచ్చేందుకు వేసుకున్న లెక్క: 88 వారాలు, 2,200 తరగతి గంటలు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు, వృత్తిలో ధారాళంగా మాట్లాడటానికి, చదవడానికి పట్టే కాలం అది. మీరు బయల్దేరేది ఇంగ్లీషు నుంచి కాదు, తెలుగు నుంచి. మీకు కావలసింది దౌత్య పత్రాలు చదవడమూ కాదు. కాబట్టి ఆ అంకెను పక్కన పెట్టేయండి.

ఈ రెండు భాషలకూ చుట్టరికం లేదు. ఒడియా బెంగాలీ, అస్సామీలతో కలిసి తూర్పు ఇండో-ఆర్య శాఖకు చెందింది. 2011 జనగణనలో దాన్ని మాతృభాషగా చెప్పినవారు దాదాపు 3 కోట్ల 75 లక్షల మంది. కాంటనీస్ చైనా భాషల్లో యువే శాఖది. గ్వాంగ్‌డాంగ్, గ్వాంగ్‌షీ, హాంకాంగ్, మకావులలో ఈ శాఖ మాట్లాడేవారు ఎనిమిది కోట్ల పైచిలుకు. అయినా మూడు నాలుగు చోట్ల ఈ రెండూ చిత్రంగా ఒకే దారిలో నడుస్తాయి. ఒడియాలో అలవాటయ్యే ఆ సంగతులు తర్వాత హాంకాంగ్‌లో మీకు పెట్టుబడి అవుతాయి.

వాటిలో మొదటిది, తెలుగులో లేనిది. పుస్తకాన్ని ఒడియాలో 'బొహి' అంటారు. ఇద్దరికీ తెలిసిన ఫలానా పుస్తకమైతే 'బొహిటి', అలాంటివి చాలా ఉంటే 'బొహిగుడికొ'. కాంటనీస్‌లో పుస్తకం 'స్యూ1'. ఫలానా పుస్తకమైతే ముందు 'పున్2' చేర్చి 'పున్2 స్యూ1', చాలా ఉంటే 'తీ1 స్యూ1'. (పక్కన ఉన్న అంకెలు స్వరాలవి, కింద చెబుతాం.) తెలుగులో 'పుస్తకం ఇవ్వు' అంటే ఏదో ఒకటా, ఆ ఒక్కటా అన్నది సందర్భాన్ని బట్టే తెలుస్తుంది. ఈ రెండు భాషల్లో ఆ చిన్న ముక్క చెబుతుంది. ఒడియాలో అది మాట వెనక వస్తుంది, కాంటనీస్‌లో ముందు వస్తుంది, అంతే తేడా. లెక్కపెట్టేటప్పుడూ ఇదే తీరు. 'ముగ్గురు మనుషులు' అని మనం మనుషులకు మాత్రమే వేరే లెక్క వాడతాం. ఒడియాలో 'తిని జొణొ లోకొ', కాంటనీస్‌లో 'సామ్1 కో3 యన్4'. కాంటనీస్‌లో ఈ ముక్కలు చాలా ఉన్నాయి: పుస్తకానికి పున్2, జంతువుకు చెక్3, చేప, దారి, ప్యాంటు లాంటి పొడుగాటివాటికి త్హీవ్4. మొదట్లో మనుషులకూ చాలా వస్తువులకూ చెల్లే 'కో3' ఒక్కటి వస్తే చాలు. తప్పని తెలిసినా అర్థం చేసుకుంటారు. ఒడియాలో మాత్రం ఒక జాగ్రత్త కావాలి. 'టి'లో మెత్తదనం ఉంది, 'టా'లో మొరటుదనం ఉంది. పిల్లవాణ్ణి 'పిలాటి' అంటే ముద్దుగా ఉంటుంది. కౌంటరు ముందు నిలబడ్డ పెద్దమనిషిని 'లోకొటా' అంటే ఆయన ముఖం మాడిపోతుంది. మనుషుల విషయంలో 'జొణే', 'జొణొ' వాడండి.

రెండోది మన సొంత ఆస్తి. తెలుగులో కాదు వేరు, లేదు వేరు. హిందీలో రెంటికీ 'నహీఁ' ఒక్కటే. ఒడియాలో కాదుకు 'నుహేఁ', లేదుకు 'నాహిఁ'. 'ఏఇటా మో బొహి నుహేఁ' అంటే ఇది నా పుస్తకం కాదు. 'బొహి నాహిఁ' అంటే పుస్తకం లేదు. కాంటనీస్‌లో కాదుకు 'మ్4 హయ్6', లేదుకు 'మొవ్5'. ఉందా లేదా అని మనం అడిగే పద్ధతి కూడా మూడింటిలోనూ ఉంది: ఒడియాలో 'ఒఛి కి నాహిఁ', కాంటనీస్‌లో 'యవ్5 మొవ్5'. కాంటనీస్‌లో వాక్యం చివర తగిలించే చిన్న మాటలు మనవాళ్ళకు ఇంట్లో మాటల్లా అనిపిస్తాయి. 'మ్4 లయ్4 వో5' అంటే 'రాడట'. మన 'అట' చేసే పనే ఆ 'వో5' చేస్తుంది. ఇంగ్లీషు వాళ్ళకు దీన్ని వివరించడానికి ఒక పేజీ కావాలి, మీకు ఒక్క అక్షరం చాలు.

ఒడియా హిందీలాంటిదేనన్న మాట సగమే నిజం. మాటలు కొన్ని కలుస్తాయి, వ్యాకరణం కలవదు. హిందీలో మనల్ని తిప్పలు పెట్టే స్త్రీలింగ పుంలింగాల గొడవ ఒడియా క్రియలో లేదు. అతనైనా ఆమైనా 'సే ఖాఉఛి'. 'నే' విభక్తీ లేదు. వాక్యక్రమం తెలుగుదే: 'ముఁ భాతొ ఖాఉఛి', నేను అన్నం తింటున్నాను. మర్యాద కూడా మన పద్ధతే: 'తు ఖాఉఛు', 'తుమే ఖాఉఛొ', 'ఆపొణొ ఖాఉఛొన్తి'. ఖాతాదారులందరితో 'ఆపొణొ'తోనే మొదలుపెట్టండి, 'తుమే'కు ఎప్పుడు దిగవచ్చో వాళ్ళే చెబుతారు. 'కు' విభక్తి కూడా మనకు పరిచయమే: రాముడికి అనడానికి 'రామొకు'. తడబడేది మిగతా మూడింటి దగ్గర. 'ఘొరొరు' అంటే ఇంటి నుంచి, 'ఘొరొరే' అంటే ఇంట్లో, 'ఘొరొరొ' అంటే ఇంటియొక్క. మూడూ ఒక్క అచ్చు తేడాలోనే ఉన్నాయి. గబగబా మాట్లాడితే 'ఇంట్లో ఉన్నాను' కాస్తా 'ఇంటి నుంచి ఉన్నాను' అవుతుంది.

ఒడియా ఉచ్చారణకు ఆరు సూత్రాలు రాసిపెట్టుకోండి. సంస్కృతం నుంచి వచ్చిన ఏ మాటకైనా ఇవి పనికొస్తాయి. అ అనేది ఒ అవుతుంది: నమస్కారం 'నొమొస్కారొ'. వ అనేది బ అవుతుంది: విజయ్ 'బిజయ్', విశ్వనాథ్ 'బిస్వనాథ్'. మాట మొదట్లో య అనేది జ అవుతుంది: యాత్ర 'జాత్రా'. శ, ష, స మూడూ పలకడంలో స ఒక్కటే. క్ష అనేది ఖ్య అవుతుంది: క్షమ 'ఖ్యొమా'. చాలాచోట్ల మన ల అక్కడ ళ: ఫలం 'ఫొళొ', విద్యాలయం 'బిద్యాళొయొ'. పాస్‌బుక్కుల మీద పేర్లు చూసేటప్పుడు ఈ సూత్రాలు మీకు రోజూ అక్కరకొస్తాయి. హిందీ వాళ్ళకు కష్టమయ్యే ళ, ణ మన నోట్లో పుట్టుకతోనే ఉన్నాయి. ఒడియా మాట అచ్చుతో ముగియడమూ మనకు హాయిగా ఉంటుంది. మనం తప్పేది వత్తుల దగ్గర. ఖ, ఘ, ఛ, భ లను వాడుకలో తేల్చి పలికే అలవాటు మనలో చాలామందికి ఉంది. 'భాతొ' (అన్నం) అన్నది 'బాతొ' (వాతం) కాకూడదు. అరచేతిని నోటి ముందు పెట్టుకుని, గాలి తగులుతోందో లేదో చూసుకుంటూ పలకండి. ఈ సాధన హాంకాంగ్‌లో మళ్ళీ అక్కరకొస్తుంది.

లిపికి మూడు వారాలు చాలు. క ఖ గ ఘ ఙ వరుసే, గుణింతాలే, రోజుకు ఐదు అక్షరాలు. మన కన్ను అక్షరం పైభాగంలో తలకట్టు, గుడి వెతుకుతుంది. ఒడియాలో పైన గుండ్రటి గొడుగు చాలా అక్షరాలకు ఒకటే. తేడా అంతా కింద ఉన్న చిన్న మెలికలో ఉంటుంది, కాబట్టి కిందికి చూడటం అలవాటు చేసుకోండి. ఏత్వం అక్షరానికి ఎడమపక్కన వస్తుంది, ఓత్వం రెండు పక్కలా వస్తుంది. ఎ, ఏ తేడాగానీ ఒ, ఓ తేడాగానీ లిపిలో లేదు.

మీ ఉద్యోగంలో నిజంగా దెబ్బతీసేవి అంకెలు. తెలుగులో ముప్ఫై తొమ్మిది అంటే ముప్ఫై కనిపిస్తుంది, తొమ్మిది కనిపిస్తుంది. ఒడియాలో హిందీలోలాగే నూరు వరకూ ప్రతి అంకెకూ వేరే రూపం ఉంది. తొమ్మిదితో ముగిసేవి మరీ మోసం చేస్తాయి, ఎందుకంటే అవి తర్వాతి పదిలోంచి ఒకటి తగ్గించినట్టు పలుకుతాయి. 29 'ఒణొతిరిసి', 39 'ఒణొచాళిసి'. 'తిరిసి' అంటే ముప్ఫై, 'చాళిసి' అంటే నలభై. చెవికి చాళిసి తగలగానే చెయ్యి నాలుగు కొట్టేస్తుంది. క్యాష్ కౌంటర్లో కూర్చునేలోపు 1 నుంచి 100 వరకూ వరసలో కాక, కలగాపులగంగా, ఎవరైనా చెబుతుంటే రాసే సాధన కనీసం నెల చెయ్యండి. సందేహం వస్తే అంకెను కాగితం మీద రాసి చూపించండి, అందులో చిన్నతనమేమీ లేదు. లక్ష, కోటి మాత్రం మనవే.

బరంపురంలో ఇంకో చిక్కుంది. ఊళ్ళో తెలుగు వచ్చినవాళ్ళు చాలామంది. మీరు ఒడియాలో మొదలుపెట్టి తడుముకుంటే అవతలివాళ్ళు దయతో తెలుగులోకి మారిపోతారు. ఏడాది గడిచినా ఒడియా రాకపోవడానికి ఇదే పెద్ద కారణం అవుతుంది. కూరగాయల దుకాణం ఒకటి, సహోద్యోగి ఒకరు, వీళ్ళతో ఒడియానే అని మొదటి వారంలోనే మాట తీసుకోండి. ఉదయం ఆకాశవాణి కటక్ వార్తలు పది నిమిషాలు వినండి.

ఇక కాంటనీస్. వ్యాకరణం లేదన్న మాట తప్పు. క్రియ పురుషను బట్టి, కాలాన్ని బట్టి మారదు, అది నిజం. కానీ పని అయిపోయిందా, నడుస్తోందా అన్నది క్రియ వెనక తగిలే ముక్క చెబుతుంది. 'సిక్6' అంటే తిను. 'సిక్6 చో2' తినేయడం, 'సిక్6 కన్2' తింటూ ఉండటం. 'సిక్6 చో2 ఫాన్6 మేయ్6 ఆ3?' అంటే భోంచేశారా? మనలాగే పలకరింపుగా కూడా అడుగుతారు. వాక్యక్రమం మాత్రం మనది కాదు: కర్త, క్రియ, కర్మ.

అసలు కష్టం స్వరాల్లో ఉంది. ఒకే 'సీ' ఆరు స్వరాల్లో ఆరు మాటలు అవుతుంది: సీ1 కవిత, సీ2 చరిత్ర, సీ3 ప్రయత్నించడం, సీ4 కాలం, సీ5 బజారు, సీ6 విషయం. 1 ఎత్తుగా నిలకడగా ఉంటుంది. 3 మధ్యలో నిలకడ, 6 కాస్త కింద నిలకడ. 4 అడుగుకు జారుతుంది. 2 పైదాకా లేస్తుంది. 5 కింద నుంచి కొంచెమే లేస్తుంది. ముందు 1, 3, 6 మూడు మెట్లుగా పట్టుకోండి, తర్వాత 4, చివర్లో 2-5 జంట. గుర్తుకు ఒక ఫోన్ నంబరు ఉంది: 394052. కాంటనీస్‌లో ఆ అంకెలు వరసగా సామ్1, కవ్2, సేయ్3, లిఙ్4, ఙ్5, యీ6. అంటే ఆరు స్వరాలూ క్రమంలో వచ్చేస్తాయి. స్టవ్ ముందు నిలబడి కూడా వల్లించుకోవచ్చు. స్వరం తప్పితే ఏమవుతుందంటే, మాయ్5 కొనడం, మాయ్6 అమ్మడం. రెండూ కిందివరసలోవే, తేడా ఆ చిన్న లేపులోనే ఉంది.

మనం ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. ప్రశ్న అడిగేటప్పుడు వాక్యం చివర గొంతు పైకి లేపుతాం. కాంటనీస్‌లో అలా చేస్తే చివరి మాట స్వరం మారి వేరే మాట అయి కూర్చుంటుంది. గొంతు లేపకండి, 'ఆ3' చేర్చండి. ప్రశ్నను ఆ ముక్కే మోస్తుంది.

రెండో కష్టం మాట చివరి పొల్లు. సప్6 (పది), పాత్3 (ఎనిమిది), లుక్6 (ఆరు): వీటిలో ప్, త్, క్ దగ్గర నోరు మూసుకుని అక్కడే ఆగిపోవాలి. తెలుగు నోరు ఆగదు, సప్పు, పాత్తు, లుక్కు అనేస్తుంది. దీనికి మందు మన మాటల్లోనే ఉంది. 'అప్పు' అనబోయి పెదాలు మూసుకున్న చోట ఆపండి. 'అత్త' అనబోయి నాలుక పళ్ళకు తగిలిన చోట ఆపండి. 'అక్క' అనబోయి గొంతులో గాలి ఆగిన చోట ఆపండి. మూడూ ఎవరికీ వినిపించనట్టే ఉన్నాయి కదా? కాంటనీస్‌లో అవి అలాగే ఉంటాయి. రోజుకు ఐదు నిమిషాలు, రెండు వారాలు చేస్తే వస్తుంది.

తెలుగు మనకిచ్చే వరాలు కూడా చెప్పాలి. ఇంగ్లీషు అక్షరాల్లో కాంటనీస్ రాసే జ్యుత్‌పింగ్ పద్ధతిని 1993లో హాంకాంగ్ భాషాశాస్త్ర సంఘం తయారుచేసింది. మీ పాఠ్యపుస్తకం బహుశా అదే వాడుతుంది. అందులో బి, డి, జి అక్షరాలు చూసి బ, డ, గ అనకండి. అవి మన ప, త, క. పి, టి, కె అని రాసినవి వత్తు ఉన్న ప్హ, త్హ, ఖ. పొవ్3 పత్రిక, ప్హొవ్3 దుకాణం. ఫ అని రాసుకోకండి, ఎందుకంటే మనం దాన్ని 'ఫ్యాన్'లోలా పలుకుతాం, కాంటనీస్‌లో ఆ ధ్వని వేరే ఉంది. పుస్తకంలో జెడ్ అని రాసింది దంత్య చ. 'చాప'లో చా, 'చేప'లో చే పలికి చూడండి. చాపలోదే కాంటనీస్‌ది. ఇంగ్లీషు వాళ్ళు దీనికి కుస్తీ పడతారు. దీర్ఘ హ్రస్వాలూ మనకు వెన్నతో పెట్టిన విద్య: కాయ్1 వీధి, కయ్1 కోడి. సామ్1 మూడు, సమ్1 గుండె. మనలో లేని అచ్చులు రెండున్నాయి. ఊ అన్నట్టు పెదాలు సున్నా చుట్టి లోపల ఈ పలకడం ఒకటి, ఓ అన్నట్టు చుట్టి ఏ పలకడం ఇంకొకటి. ఈ రెండోది హాంకాంగ్ అసలు పేరులోనే ఉంది.

తెలుగు లిపిలో రాసుకోవచ్చా అన్నారు. ఒడియాకు మొదటి మూడు వారాలే, తర్వాత మానేయండి. లేకపోతే లిపి ఎన్నటికీ రాదు. కాంటనీస్‌కు తెలుగు లిపి ఇంగ్లీషు లిపి కన్నా మేలు, కానీ ప్రతి మాట పక్కనా స్వరం అంకె తప్పనిసరి. అంకె లేకుండా రాసిన మాట రాయనట్టే లెక్క. చైనా అక్షరాల జోలికి మొదటి ఏడాది వెళ్ళకండి. వార్తాపత్రిక చదవడానికి రెండు మూడు వేల అక్షరాలు కావాలి. పైగా అక్కడ రాసే భాష, మాట్లాడే భాష వేరు. 'కాదు' అని నోటితో 'మ్4 హయ్6' అంటారు, పత్రికలో 'పత్1 సీ6' అని ఉంటుంది. 'అతను' మాటల్లో ఒకటి, అచ్చులో 'త్హా1'. మన గ్రాంథిక, వ్యావహారికాల ఎడం కన్నా ఇది పెద్దది. సినిమా సబ్‌టైటిల్స్ చూస్తూ మాటలు పట్టుకోవాలనుకునేవాళ్ళు ఇక్కడే గందరగోళపడతారు. హాంకాంగ్‌లో వీధి బోర్డులు ఇంగ్లీషులోనూ ఉంటాయి, మెట్రోలో ఇంగ్లీషు ప్రకటనలు కూడా వస్తాయి. చదువు రాకపోయినా దారి తప్పరు.

రెండూ ఒకేసారి వద్దు. మొదటి ఎనిమిది నెలలు గంటంతా ఒడియాకే ఇవ్వండి. నాలుగైదు నెలలకు కౌంటరు మాటలు వచ్చేస్తాయి. తొమ్మిదో నెల నుంచి గంటలో సగం కాంటనీస్‌కు. మొదటి ఆరు వారాలు మాటలు, వాక్యాలు కూడా వద్దు, 394052, మూడు పొల్లులు, వత్తు జంటలు, ఇంతే. ఇది దాటేసి వాక్యాల్లోకి దూకినవాళ్ళు ఏడాది తర్వాత వెనక్కి వచ్చి స్వరాలు దిద్దుకోవాల్సి వస్తుంది, అది రెట్టింపు పని.

హాంకాంగ్‌లో దిగాక ముందు అక్కరకొచ్చేవి కొన్ని. కృతజ్ఞత అక్కడ రెండు రకాలు: ఎవరైనా చిన్న సాయం చేస్తే 'మ్4 కోయ్1', బహుమతి ఇస్తే 'తో1 చే6'. దారి ఇవ్వమని అడగడానికీ, వెయిటర్‌ను పిలవడానికీ మొదటిదే. శాకాహారులైతే 'ఙో5 సిక్6 చాయ్1' అనండి. ఆ చాయ్ మన టీ కాదు, టీని 'ఛా4' అంటారు. జీతం, అద్దె మాట్లాడేటప్పుడు పది వేలకు 'మాన్6' అనే ప్రమాణం ఉందని మరవకండి. 35,000 అంటే 'ముప్ఫై అయిదు వేలు' కాదు, 'మూడు పదివేలు, అయిదు వేలు': సామ్1 మాన్6 ఙ్5 ఛిన్1. మన లక్ష వాళ్ళకు పది మాన్, కోటి వెయ్యి మాన్. ఇంటి ఏజెంటుతో మాట్లాడే ముందు మీ బడ్జెట్‌ను ఈ లెక్కలోకి మార్చి కాగితం మీద రాసి ఉంచుకోండి.

ఇక ఎర్ర మినీబస్సు. గంట నొక్కే బటన్ లేని బస్సులో దిగాలంటే గట్టిగా అరవాలి: 'యవ్5 లొక్6, మ్4 కోయ్1!' దిగేవాళ్ళున్నారు, దయచేసి ఆపండి అని. యవ్ కింద నుంచి లేవాలి, లొక్ కిందే ఉండి 'అక్క'లో ఆగినట్టు ఆగాలి, కోయ్ పైన నిలవాలి. 'లొక్కు' అని సాగదీస్తే డ్రైవరుకు అందకపోవచ్చు, మీ స్టాపు దాటిపోతుంది. బరంపురంలో ఉండగానే ఈ ఒక్క వాక్యం నోటికి పట్టేలా చేసుకోండి.